ఫోటో ఎడిటింగ్ సిలబస్ రాసేవారికి ఒక షాపువాడి బహిరంగ లేఖ

ఐటీఐలు, నైపుణ్య శిక్షణ కేంద్రాలు, ప్రైవేటు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లలో ఫోటో ఎడిటింగ్ కోర్సుకు సిలబస్ తయారుచేసే పెద్దలకు నమస్కారం.

మాది తెనాలిలో ఒక చిన్న డిజైనింగ్, డిజిటల్ ప్రింటింగ్ షాపు. పాస్‌పోర్ట్ ఫోటోల దగ్గర్నుంచి 12×36 పెళ్లి ఆల్బమ్‌ల దాకా, పుట్టినరోజు ఫ్లెక్సీల దగ్గర్నుంచి పెద్దకర్మ ఫోటోల దాకా అన్నీ చేస్తాం. మీ కోర్సులు పూర్తిచేసి సర్టిఫికెట్ పట్టుకున్న పిల్లలు మొదట ఉద్యోగం అడిగేది మాలాంటి షాపుల్లోనే. వాళ్లకు ఏమి వచ్చో, ఏమి రాదో మీకంటే ముందు మాకే తెలుస్తుంది. సాయంత్రం పూట కొందరికి నేనూ నేర్పుతుంటాను కాబట్టి నేర్పేవాళ్ల కష్టం కూడా తెలుసు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

ఉద్యోగానికి వచ్చినవాళ్లను నేను టూల్స్ గురించి అడగను. వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫోటో తెరిచి చూపించి, “దీన్ని 12×18 ఫ్రేముకు ప్రింట్ తీయొచ్చా, తీస్తే ఎలా వస్తుంది?” అని అడుగుతాను. ఎక్కువమంది తెల్లముఖం వేస్తారు. కొందరు ధైర్యంగా “రిజల్యూషన్ 300 పెడితే క్లారిటీ వస్తుంది సార్” అంటారు. ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కాదు. మ్యాజిక్ వాండ్ షార్ట్‌కట్ ఏదో, లాసో ఎన్ని రకాలో అడిగితే టకటకా చెప్తారు. మీరు నేర్పమన్నది నేర్చుకున్నారు, అంతే.

వాళ్ల నోట్సు పుస్తకాలు అడిగి మరీ చూస్తుంటాను. ఏ ఊరు ఇన్‌స్టిట్యూట్ అయినా దాదాపు ఒకటే నోట్సు. మొదటి పేజీలో “ఫోటోషాప్ అనునది అడోబ్ కంపెనీ వారిచే తయారుచేయబడిన సాఫ్ట్‌వేర్”. రెండో పేజీ నుంచి టూల్‌బాక్స్ పైనుంచి కిందికి వరసగా. “మూవ్ టూల్: ఇది ఇమేజ్‌ను మూవ్ చేయుటకు ఉపయోగపడును.” పక్కనే స్కేలు పెట్టి గీసిన టూల్ బొమ్మ, దానికి స్కెచ్ పెన్ రంగు. టూల్స్ అయ్యాక మెనూలు, మెనూలు అయ్యాక ఫిల్టర్లు. మంటల అక్షరాలు చేయడం, ముఖాన్ని గాజుసీసాలో పెట్టడం లాంటి రెండు మూడు ‘ప్రాజెక్టులు’. కోర్సు అయిపోయింది. అన్ని పేజీల్లో ఎక్కడా ‘ఫోటో అంటే ఏమిటి’ అన్న మాట కనపడదు.

నేను అడిగేది ఒక్కటే. పాఠాన్ని టూల్ దగ్గర మొదలుపెట్టకండి, ఫోటో దగ్గర మొదలుపెట్టండి. కౌంటర్ మీదికి వచ్చే పని ఏమిటో చూసి, అక్కడినుంచి వెనక్కి వచ్చి సిలబస్ రాయండి. పని వచ్చినప్పుడు దానికి కావలసిన టూల్ ఎలాగూ వస్తుంది.

మొదటి క్లాసులో టూల్‌బాక్స్‌ను అసలు ముట్టుకోనివ్వకండి. ఎవరి ఫోన్‌లోంచో ఒక మామూలు ఫోటో తీసుకుని తెరిచి, కంటి దగ్గర జూమ్ చేస్తూ పొమ్మనండి. కొంతసేపటికి కన్ను పోయి, చదరపు గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో ఒక్కటే రంగు. ఆ రంగు వెనక మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కోటి 0 నుంచి 255 వరకు. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఆ మూడింటి కలయికల్లో 1,67,77,216 రంగులు వస్తాయి. ఇది తెలిసిన పిల్లవాడికి వెలుగునీడలు సర్దే లెవెల్స్ డబ్బా తెరవగానే అందులో కొండలా కనిపించేది ఏమిటో వివరించాల్సిన పని ఉండదు. ఏ వెలుగులో ఎన్ని గళ్లు ఉన్నాయో చెప్పే లెక్క అది. కొండంతా ఎడమవైపు పడిపోయి ఉంటే ఫోటో చీకటిగా ఉన్నట్టు. కుడివైపున్న తెల్ల త్రికోణాన్ని కొండ మొదలయ్యే చోటికి లాగితే వెలుగు వస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, కర్వ్స్ అన్నీ చుట్టాలే. అవి నాలుగు వేర్వేరు పాఠాలు కావు.

రెండో క్లాసులో సైజు చెప్పండి. మా దగ్గర సగం తగువులు దీని మీదే. 1200×1600 పిక్సెళ్ల ఫోటో ఒకటి ఉందనుకోండి. అంగుళానికి 72 అని ఉంటే కొలతల్లో సుమారు 16 అంగుళాల పైచిలుకు వెడల్పు చూపిస్తుంది. 300 అని మారిస్తే 4 అంగుళాలు చూపిస్తుంది. ఫోటో మారలేదు, గళ్లు అవే. ఒక్కో అంగుళంలో ఎన్ని గళ్లు సర్దాలన్నదే మారింది. కానీ అదే డబ్బాలో ‘రీశాంపిల్’ అనే టిక్కు ఒకటి ఉంటుంది. అది పెట్టి ఉండగా 72ని 300 చేస్తే, సాఫ్ట్‌వేర్ లేని గళ్లను పక్కవాటిని చూసి ఊహించి పుట్టిస్తుంది. అంకె పెరిగింది, ఫైలు బరువు పెరిగింది, మసక మాత్రం మసకగానే ఉంది. “300 పెడితే క్లారిటీ వస్తుంది” అన్న నమ్మకం మన ఇన్‌స్టిట్యూట్‌లన్నిటిలోనూ తాయెత్తులా తిరుగుతోంది. ఆ టిక్కు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చేసి చూపిస్తే పావుగంటలో ఆ నమ్మకం పోతుంది.

దీనికి తిరగేసిన సమస్య ఫ్లెక్సీలో వస్తుంది. 300 అంటే మంచిదని నేర్చుకున్న కుర్రాడు 10×6 అడుగుల ఫ్లెక్సీని కూడా 300లోనే తెరుస్తాడు. 120 అంగుళాలను 300తో గుణిస్తే 36,000 పిక్సెళ్లు వెడల్పు, ఎత్తు 21,600. ఫైలు తెరిచేసరికే రెండు జీబీలు దాటుతుంది. పీఎస్‌డీ, అంటే ఫోటోషాప్ సొంత ఫైలు, ఏ వైపూ 30,000 పిక్సెళ్లకు మించి పట్టదు కాబట్టి సేవ్ కూడా కాదు. సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, ఫ్లెక్సీ కట్టాల్సినవాళ్లు ఆటో పెట్టుకుని బయట నిలబడి ఉంటారు, అందరికీ టెన్షన్. అదే 72లో పెడితే 8,640×5,184. రోడ్డు మీద ఇరవై అడుగుల దూరంనుంచి చూసే బొమ్మకు అది చాలా ఎక్కువ. దగ్గరినుంచి చూసేదానికి గళ్లు చిక్కగా కావాలి, దూరంనుంచి చూసేదానికి అక్కర్లేదు. ఈ మాట పుస్తకంలో ఒక్క వాక్యం. కానీ ఒక ఎ4 ప్రింటు, ఒక ఫ్లెక్సీ ముక్క తెచ్చి ఇద్దరు పిల్లల చేతిలో పెట్టి చూపిస్తే ఇక మరచిపోరు. పాత ఫ్లెక్సీ ముక్కలు ఏ షాపువాడైనా ఊరికే ఇస్తాడు.

ఇక ఇంటర్నెట్ సెంటర్ పని. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ దరఖాస్తు పెట్టేవాళ్లు ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలనీ, సంతకం 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలనీ నోటిఫికేషన్‌లో చదివి మన దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ఫోటో ఎడిటింగ్ కోర్సు చేసినవాడికి ఇది చిటికెలో అయ్యే పని కావాలి. కాదు. పిక్సెళ్లు వేరు, కేబీ వేరు అని ఎవరూ చెప్పలేదు. కొలత తగ్గించడం ఒక పని, జేపీజీ సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ తగ్గించి బరువు తగ్గించడం ఇంకో పని. జేపీజీ ప్రతి సేవ్‌లోనూ కొంత వివరాన్ని పారేస్తుందనీ, తెరిచి సేవ్, తెరిచి సేవ్ అంటూ పోతే ముఖం చుట్టూ చీమలు పట్టినట్టు మచ్చలు వస్తాయనీ, అందుకే పని అయ్యేదాకా ఫోటోషాప్ అయితే పీఎస్‌డీగానో, జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే ఎక్స్‌సీఎఫ్‌గానో ఉంచుకోవాలనీ చెప్పాల్సింది ఈ క్లాసులోనే. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది అన్న సంగతి కూడా సిలబస్‌లో రాయండి. నవ్వకండి. మా షాపులో రోజూ ఎక్కువసార్లు చెప్పే మాట అదే.

ఇప్పుడు లేయర్లు, అంటే ఫోటో మీద ఒకదానిపై ఒకటి పరిచే పొరలు. కొంచెం చరిత్ర చెప్తాను, ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు 1987లో మొదలుపెట్టిన ప్రోగ్రాం 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్ 1.0గా వచ్చింది, అదీ మాకింటోష్ కంప్యూటర్లకు మాత్రమే. అందులో లేయర్లు లేవు. గీసింది ఫోటో మీదే పడేది. లేయర్లు 1994లో 3.0తో వచ్చాయి. అసలు ఫోటోను ముట్టుకోకుండా పైన పరిచి రంగు, వెలుగు మార్చే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో 4.0తో వచ్చాయి. మూడు దశాబ్దాలు కావస్తోంది. మన క్లాసుల్లో మాత్రం ఇప్పటికీ బ్యాక్‌గ్రౌండ్ తీయడానికి ఇరేజర్ పట్టిస్తున్నారు.

ఇరేజర్‌తో చెరిపింది పోయినట్టే. పెళ్లి ఆల్బమ్ పని చేసినవాళ్లకు తెలుసు దాని బాధ. గ్రూప్ ఫోటోలో పెళ్లికూతురి మేనమామను తీసేయమని చెప్పి వెళ్తారు. వారం తర్వాత మాటలు కలిసి, మళ్లీ పెట్టమని వస్తారు. మాస్కు వేసినవాడు తెల్ల బ్రష్‌తో మేనమామను వెనక్కి తెస్తాడు. ఇరేజర్ వాడినవాడు పాత ఫైలు ఎక్కడుందో వెతుక్కుంటాడు. నల్లగా పూస్తే దాగుతుంది, తెల్లగా పూస్తే కనపడుతుంది, బూడిదరంగు పూస్తే సగం సగం. లేయర్ మాస్కు అంటే ఇంతే. దీన్ని కోర్సు చివర్లో ‘అడ్వాన్స్‌డ్’ అని పెట్టారు చాలాచోట్ల. కొన్నిచోట్ల టైమ్ చాలక వదిలేస్తారు. దయచేసి దాన్ని మొదటి నెలలోకి తెచ్చి, ఇరేజర్‌ను చివరికి పంపండి. అసలు నేర్పకపోయినా నష్టం లేదు.

ఒక విషయం మీ సిలబస్ కాగితాల్లో లేకపోయినా ప్రతి క్లాసులో నేర్పుతున్నారు. ముఖం తెల్లగా చేయడం. టచప్ అనగానే మొదట మచ్చలు తీయడం, వెంటనే రంగు తేల్చడం. ఎవరూ అడగకముందే. పెళ్లిచూపుల ఫోటో అంటే సరే, ఇంట్లోవాళ్లు అడిగి ఉంటారు. స్కూల్ ఐడీ కార్డు ఫోటోకు ఎందుకు? మా దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి పదో తరగతి పిల్లల ఫోటోలన్నిటికీ వరసగా ముఖం తేటపరిచే డాడ్జ్ టూల్ కొట్టుకుంటూ పోతోంది. “ఎవరు చెప్పారమ్మా?” అంటే “అలాగే చేయాలి కదా సార్” అంది. ఆ అమ్మాయి రంగూ ఆ పిల్లల రంగే. 1994లో అమెరికాలో టైమ్ పత్రిక, హత్య కేసులో అరెస్టయిన నల్లజాతి క్రీడాకారుడు ఓ.జే. సింప్సన్ పోలీసు ఫోటోను ముఖచిత్రంగా వేస్తూ ముఖాన్ని నల్లబరిచింది. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫోటోను మార్చకుండా వేయడంతో రెండూ పక్కపక్కన కనిపించి గొడవైంది. వాళ్లు నల్లబరిచినందుకు తప్పుపట్టారు. మనం తెల్లబరుస్తుంటే అది తప్పని ఎవరికీ అనిపించడం లేదు. చామనచాయ ముఖాన్ని చామనచాయగానే ఉంచుతూ, నీడలో పోయిన కళ్లను పైకి తేవడం, ట్యూబ్‌లైట్ వల్ల పట్టిన పచ్చదనాన్ని విరగ్గొట్టడం నిజంగా చేతనైన పని. అందులో కష్టం ఉంది, నేర్పడానికి సరుకు ఉంది. తెల్లబరచడంలో ఏముంది, ఒక స్లయిడర్ లాగడం.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. చాలా క్లాసుల్లో రంగుల పాఠం ప్రొజెక్టర్ మీద చెప్తున్నారు. ఆ ప్రొజెక్టర్ బల్బు వెలిసిపోయి, గోడ లేత నీలం. మాస్టారు “ఇప్పుడు చూడండి, ఎరుపు తగ్గింది” అంటారు, పిల్లలు తల ఊపుతారు. ఆ పాఠం ఎవరి మానిటర్ మీద వాళ్లకు చెప్పాలి, ఆ తర్వాత తప్పకుండా ఒక ప్రింట్ తీసి చేతికివ్వాలి. తెర మీద ధగధగలాడిన ఆకుపచ్చ పట్టుచీర ఆఫ్‌సెట్ కాగితం మీద ఎందుకు చచ్చుబడిందో కాగితం చూస్తేనే తెలుస్తుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు ఇంకులతో చూపించాలి. ఆ నాలుగు ఇంకుల్లో పట్టని రంగులు తెర మీద చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది పెద్దకర్మ ఫోటో గురించి.

మీలో ఎవరూ దాన్ని సిలబస్‌లో పెట్టాలని అనుకుని ఉండరు. కానీ ఊళ్లలో ఫోటో ఎడిటింగ్ తెలిసినవాడికి తప్పకుండా వచ్చే పని అది. ఇంట్లో పెద్దాయన పోయాడు. సరైన ఫోటో ఒక్కటి లేదు. ఉన్నది మనవరాలి ఓణీల ఫంక్షన్ గ్రూప్ ఫోటోలో వెనక వరసలో, పక్కనున్నవాళ్ల భుజం అడ్డం వచ్చి. లేదా ఆధార్ కార్డు మీది ఫోటో. లేదా ముప్పై ఏళ్లనాటి నలుపు తెలుపు స్టూడియో ఫోటో, చెమ్మ తగిలి అద్దానికి అతుక్కుపోయింది. ఎల్లుండి పదకొండో రోజు. దండ వేయడానికి పెద్ద ఫ్రేము కావాలి. కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్ చూపిస్తూ, “ఇదొక్కటే ఉంది అన్నా, కండువా వేసి కాస్త బాగా చేయండి” అంటాడు.

ఈ ఒక్క పనిలో కోర్సు మొత్తం ఉంది. మొదట లెక్క: గ్రూప్ ఫోటోలో ఆయన ముఖం వెడల్పు 150 పిక్సెళ్లు అనుకుందాం. 12×18 ఫ్రేములో ముఖం 5 అంగుళాలు రావాలంటే అంగుళానికి 30 గళ్లే పడతాయి. అంటే అంత పెద్దది వద్దు, 8×10కు ఒప్పించాలి, ముఖం చిన్నదిగా, చుట్టూ జాగా ఎక్కువగా పెట్టాలి. ఇది చేతి పని కంటే ముందు నోటి పని. తర్వాత పెన్ టూల్‌తో కటింగ్, జుట్టు దగ్గర మాస్కు మెత్తబరచడం. అడ్డం వచ్చిన భుజం తీసి, ఇంకో ఫోటోలోంచి చొక్కా తెచ్చి అతకడం. వెలుగు ఏ వైపునుంచి పడుతోందో చూసుకోకపోతే మెడ ఒకరిది, తల ఒకరిది అన్నట్టు ఉంటుంది. పాత ఫోటో అయితే స్కానింగ్ దగ్గరే సగం పని: అద్దంనుంచి బలవంతంగా ఊడదీయకుండా, అద్దంతోనే పెట్టి ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలి. చిన్న మచ్చలకు హీలింగ్ బ్రష్. అది 2002లో ఫోటోషాప్ 7.0తో వచ్చింది, మన ఊళ్లలో ఇప్పటికీ చాలా సిస్టమ్‌లలో ఉన్నది ఆ 7.0యే. కనురెప్ప అంచు, పెదవి అంచు లాంటి గీతల మీద హీలింగ్ బ్రష్ పులిమేస్తుంది, అక్కడ పక్క భాగాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి వేసే క్లోన్ స్టాంప్ వాడాలి. ఎక్కడ ఏది వాడాలన్నది నోట్సులో రాయించి నేర్పలేరు. ముఖం ముందు కూర్చోబెట్టాలి.

“ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఇవన్నీ ఎందుకు?” అని మీరు అనవచ్చు. మా దగ్గరా వాడతాం, వద్దనడం లేదు. బ్యాక్‌గ్రౌండ్ తీయడంలో అది చాలా పని తగ్గించింది. కానీ మసక ముఖాన్ని దానికి ఇస్తే, అది లేని కళ్లను, లేని పళ్లను పుట్టించి నిగనిగలాడే ముఖం ఒకటి ఇస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. ఒకసారి అలా చేసిన ప్రింటు చూసి ఒక పెద్దావిడ కాసేపు పట్టుకుని, “మా ఆయనకు ఎడమ కన్ను కొంచెం చిన్నది నాయనా, ఈయనెవరు?” అంది. రెండు కళ్లూ ఒకే సైజులో చేసి పెట్టింది మెషీను. ఆ ముఖం లేయర్ చిక్కదనాన్ని యాభై శాతానికి తగ్గించి, కంటి దగ్గర మాస్కుతో పాత ముఖాన్ని వెనక్కి తెస్తే ఆయన ఆయనలా కనపడ్డాడు. ఆ పని చేయడానికి లేయర్ తెలియాలి, మాస్కు తెలియాలి. ఏది ఫోటోలో ఉన్నది, ఏది మెషీను కల్పించింది అన్నది గుర్తుపట్టే కన్ను అన్నిటికంటే ముందు కావాలి. ఏఐ వచ్చాక ఈ మొదటి పాఠాల అవసరం పెరిగిందనే నా లెక్క.

తెలుగు అక్షరాల సంగతి వేరే చెప్పాలి. క్లాసులో టైప్ టూల్ పాఠం ఎప్పుడూ ‘హ్యాపీ బర్త్‌డే’తోనే చెప్తారు. షాపులో చేసేది తెలుగు. ఫోటోషాప్ పాత వెర్షన్‌లలో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు, పేస్ట్ చేస్తే ‘ఆహ్వానం’ కాస్తా ‘ఆహ్‌వానం’ అవుతుంది, ‘శ్రీ’ విడిపోయి ‘శ్‌రీ’ అవుతుంది. కొత్త వెర్షన్‌లలో టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల ఆప్షన్, అంటే వరల్డ్ రెడీ లేఅవుట్, పెట్టుకుంటే వత్తులు సరిగా కూర్చుంటాయి. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక ఎన్ని పెళ్లిపత్రికలు, ఎన్ని గుడి బోర్డులు విరిగిన వత్తులతో వెళ్లిపోయాయో. డీటీపీ వాళ్లంతా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో లాక్కొచ్చారు, వాటి అందం కాదనను. కానీ ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు అంతా గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలు అయిపోతుంది. పిల్లలకు రెండూ నేర్పండి, ముందు యూనికోడ్ నేర్పండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, పొన్నాల, మండలి, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మంచి ఫాంట్లు. పెద్ద హెడ్డింగ్‌కు రామభద్ర పెట్టి చూడండి.

సాఫ్ట్‌వేర్ గురించి నిష్ఠూరంగా ఒక మాట. చాలా ఇన్‌స్టిట్యూట్‌లలో నడుస్తున్నది దొంగ కాపీ. పిల్లలకు కోర్సు చివర పెన్‌డ్రైవ్‌లో అదే కాపీ కానుకగా ఇస్తారు, “యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్” అని సలహా కూడా ఇస్తారు. మొదటి పాఠమే అది! తెలిసీ దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పరు. 2013 నుంచి కొత్త ఫోటోషాప్ చందా కడితేనే వస్తుంది. కూలీనాలీ చేసి చదివించే ఇంట్లో పిల్ల నెలనెలా ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తుంది? క్లాసులో గంట చూసి, ఇంటికెళ్లి చేసి చూడటానికి ఏమీ లేక, మర్నాటికి మరచిపోతుంది.

జింప్ ఉంది కదా. 1995లో బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టింది, పూర్తిగా ఉచితం, ఎంతమందికైనా పంచవచ్చు. లేయర్లు, మాస్కులు, లెవెల్స్, కర్వ్స్, క్లోన్, హీల్ అన్నీ ఉన్నాయి. తెలుగు వత్తులు గొడవ పెట్టకుండా వస్తాయి. 2025లో వచ్చిన 3.0లో అసలు ఫోటో చెడకుండా ఫిల్టర్లు వేసి తర్వాత మార్చుకునే వీలు కూడా వచ్చింది. కేరళ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ పాఠాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి, బొమ్మల పని జింప్‌లో నేర్పుతారు. మనదగ్గరా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఈ మాటే చెప్తున్నారు. లోపం లేదని కాదు. ప్రెస్సుకు కావలసిన సీఎంవైకేలో, అంటే ఆ నాలుగు ఇంకుల లెక్కలో, నేరుగా పనిచేయడం జింప్‌లో లేదు, షాపుల్లో ఎక్కువగా ఉండేది ఫోటోషాపే. అందుకే జింప్‌లో మొదలుపెట్టి, కోర్సు చివరి భాగంలో లైసెన్సు ఉన్న ఒకటి రెండు సిస్టమ్‌ల మీద ఫోటోషాప్ చూపించమంటున్నా. మాస్కు అంటే ఏమిటో తెలిసినవాడికి మెనూ ఎక్కడుందో వెతుక్కోవడానికి వారం చాలు. ఆ వారం మా షాపులో జీతంతోనే ఇస్తాను. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు ఫోన్ ఉంటుంది, స్నాప్‌సీడ్ అనే ఫోటో ఎడిటింగ్ యాప్ ఉచితం, అందులో కర్వ్స్ కూడా ఉన్నాయి. హోంవర్క్ దాంట్లో ఇవ్వండి.

మార్ఫింగ్ గురించి కూడా ఒక గంట కేటాయించండి. ఆడపిల్ల ముఖం తీసి ఇంకో బొమ్మకు అతికించడం సరదా కాదనీ, అలాంటి అశ్లీల బొమ్మ పంపితే ఐటీ చట్టం 67వ సెక్షన్ ఉందనీ, మార్కుల మెమోలో అంకె మార్చమని స్నేహితుడు అడిగితే చేసినవాడూ జైలుకే పోతాడనీ చెప్పండి. మా కౌంటర్ దగ్గరికి ఈ రెండో రకంవాళ్లు వస్తూనే ఉంటారు. కాదనడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిన పనే.

పరీక్ష విషయం చెప్పి ముగిస్తాను. ఇప్పుడు పెడుతున్న పరీక్షలో ఖాళీలు పూరించమంటారు, జతపరచమంటారు. ప్రాక్టికల్ అంటే రికార్డు పుస్తకం. వాటి బదులు పరీక్షరోజు ప్రతివాడికీ ఒక చెడ్డ ఫోటో ఇవ్వండి. మసకది, చిరిగినది, పచ్చబడినది, ఏదైనా. దానితో పాటు కస్టమర్ రాసినట్టు రెండు వాక్యాల చీటీ: ఎంత సైజు కావాలో, ఎందుకు కావాలో. రెండు గంటలు. చివర్లో పీఎస్‌డీ గానీ ఎక్స్‌సీఎఫ్ గానీ తీసుకుని లేయర్లు విప్పి చూడండి, ప్రింట్ తీసి చూడండి. ఇంత పెద్ద సైజుకు ఈ ఫోటో పనికిరాదని కాగితం మీద రాసి కారణం చెప్పినవాడికి కూడా మార్కులు వేయండి. మాకు అలాంటివాడు కావాలి.

అలాంటి చెడ్డ ఫోటోలు కావాలంటే నా దగ్గర ఉన్నాయి. ఇంటివాళ్లను అడిగి, సరే అన్నవాళ్లవి మాత్రమే, పేర్లు లేకుండా ఇస్తాను. ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ చెప్పే మాస్టార్లు గానీ, ఇన్‌స్టిట్యూట్‌ల వాళ్లు గానీ మా షాపుకు వచ్చి కౌంటర్ పక్కన కూర్చుని వచ్చే పనులు చూస్తామన్నా సంతోషం. ముహూర్తాలు లేని రోజుల్లో రండి, మధ్యాహ్నం మూడు తర్వాత కాస్త తీరిగ్గా ఉంటుంది.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక డిజైనింగ్ షాపు యజమాని